ఒంటికి పట్టే మేత

పెళ్లయిన కొత్తలో అందరూ షికారుకు వెళతారు. మేము రొయ్యల చెరువు గట్టు మీద తిరిగాం. నాకదే బాగుంది. పొద్దున్నే మా ఆయన, మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దింపిన చెక్ ట్రే పైకి లాగితే రొయ్యలు టపటపా ఎగిరేవి. ఒకదాన్ని వెలుతురుకి పట్టి చూస్తే వీపు పొడవునా పేగు నల్లటి గీతలా కనిపించేది.

"దీనికి కడుపు నిండిందండీ," అనేదాన్ని.

"నీకో?" అనేవారు. ఇద్దరం ఊరికే నవ్వుకునేవాళ్లం.

గొడవ మేత సంచులతో మొదలైంది. మామయ్యగారు పాత మేత మానేసి, డీలరు మాట విని కొత్తది దింపించారు. సంచి మీద ప్రోటీన్ అంకె పెద్దది.

"ఎంత ప్రోటీన్ వేస్తే అంత బరువమ్మా," అన్నాడు డీలరు.

ఆ మేత వేసిన చెరువులోంచి ట్రే తీసి, దారంలా ఉన్న రొయ్య మలాన్ని వేళ్లతో నలిపాను. మేత పలుకులు అలాగే ఉన్నాయి.

"ఇదిగో మీ ప్రోటీన్. ఎలా వెళ్లిందో అలాగే బయటికొచ్చింది. రొయ్య కడుపులో మనకున్నట్టు ఆమ్లం ఉండదండీ. కడుపు తిరగలిలా నలుపుతుంది, తల దగ్గరున్న గ్రంథి రసాలు వదిలి ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే ఒంటికి పడతాయి. కాసేపటికే పేగు ఖాళీ. ఒక్కసారే కుమ్మరిస్తే ఎంతని అరుగుతుంది? మిగిలింది అడుగున కుళ్లి అమోనియా అవుతుంది."

"కోడలమ్మ డిగ్రీలో చదివిన జువాలజీ పాఠం రొయ్యలకి చెబుతోంది!" డీలరు పకపకా నవ్వాడు.

"రొయ్యలకి ఈ పాఠం వచ్చండీ. మీకే చెబుతున్నా."

మామయ్యగారి మొహం ఎర్రబడింది. ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురు లేదు.

"చివరి చెరువు నీది. పాత మేతే వేసుకో. నెల తిరిగాక వల వేసి కొన్నిటిని తూస్తాం. నా రొయ్యని నీ రొయ్య బరువులో దాటకపోతే మళ్లీ గట్టెక్కకూడదు."

"సరే మామయ్యగారూ," అన్నాను. నోరు ఆగదు కదా.

అప్పట్నించీ కొంచెం కొంచెంగా, ట్రే ఖాళీ అయ్యాకే మళ్లీ మేత చల్లాం. మొత్తం కలిపినా మామయ్యగారు వేసేదాంట్లో సగమే అయ్యేది. "మా అబ్బాయిక్కూడా ఇన్నిసార్లు వడ్డించవు కదే!" అని అత్తయ్యగారు దెప్పారు. మా ఆయన తెప్ప తోస్తే నేను చల్లేదాన్ని. తెప్ప గిర్రున తిరిగితే అరిచేదాన్ని. నిజం చెప్పాలంటే కావాలనే తిప్పేవారు.

వల వేసిన రోజు డీలరు ముందే రెండు చెరువుల్లోంచీ కొన్ని రొయ్యల్ని తీసి తూచారు. సరిసమానం.

"దాటలేదుగా," అన్నారు మామయ్యగారు. "ఇంక ఇంట్లోకి నడు."

"సగం మేతతో సమానంగా పెరిగాయి మామయ్యగారూ. మీరు వేసిన మిగతా సగం ఎక్కడుందో చూడండి." కర్రతో ఆయన చెరువు అడుగు కెలికాను. నల్లటి బురద పైకొచ్చింది. డీలరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నా చెరువు అడుగు మట్టిరంగులోనే ఉంది, వాసన లేదు.

"బురద ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు డీలరు.

"ఎవడూ కొనడు. అందుకే బురదయ్యే మేత మీరు అమ్మకండి."

"మాటంటే మాటే!" మామయ్యగారు గట్టిగా అరిచారు. "గట్టు దిగు!"

దిగలేదు. పాత మేత బేసిన్ చంకన పెట్టుకుని, నా చెరువు వైపు వెళ్లకుండా, ఆయన చెరువులో ఉన్న తెప్ప ఎక్కాను. తెప్ప ఊగింది.

"నీ పెళ్లానికి చెప్పరా!" అన్నారు కొడుకుతో.

మా ఆయన ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగారు. "చెప్పా నాన్నా. సగమే చల్లమని."

తెప్ప కదిలింది. మామయ్యగారు ఇంకోసారి అరిచారు. నేను పిడికెడు మేత తీసి, ఆయన చూస్తుండగానే చల్లాను.