నాట్ల రోజున కత్తుల బండి

మగోరోకు ఆ వేళ ఊళ్లో ఉండాల్సిన మనిషే కాదు. కోటలో కొలువు ఖాయమైంది, కత్తితో వెళ్లి నిలబడితే చాలు. రైతుల దగ్గరి కత్తులన్నీ పోగుచేసే బండి వచ్చేలోపు కోట చేరినవాడు సిపాయి, ఊళ్లో దొరికినవాడు రైతు. తరతరాలకూ అంతేనని ఏలినవారి ఆజ్ఞ.

కానీ నిన్న ఊరంతా వచ్చి అతని మడిలో నాట్లు వేసింది. బదులుకు ఇవాళ వాళ్ల మడిలో దిగకపోతే ఎలా?

"నీ బదులు నేను నాటుతాను, పోవయ్యా బాబూ!" అని భార్య ఓతనే పొద్దున్నే పోరింది.

"నిండు చూలాలివి, నువ్వేం వంగుతావే? బండి రేపు కదా. సాయంత్రం పోతాలే" అన్నాడు. వట్టి పిచ్చిమాలోకం!

వాన ముంచుకొస్తోందని బండి ఆ మధ్యాహ్నమే వచ్చేసింది. వెంట వచ్చిన అధికారి జిన్‌పాచి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే వరసలో ఈటెలు పట్టారు. కాలు విరిగిన జిన్‌పాచిని యుద్ధంలోంచి వీపున మోసుకొచ్చింది మగోరోకే. అతన్ని చూడగానే మగోరోకుకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పరిగెత్తి కత్తి తెచ్చాడు.

"ఒరేయ్ జిన్‌పాచీ! నన్నూ తీసుకుపోరా. సాయంత్రం బయల్దేరేవాణ్ణే!"

జిన్‌పాచి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నిన్ననే కోటకు వచ్చి చావకపోయావా దరిద్రుడా! మోకాళ్లదాకా బురద. నిన్ను సిపాయి అని రాయిస్తే ముందు నా తల తెగుతుంది."

"ఆ తల నేను మోసుకొచ్చిందే కదరా."

జిన్‌పాచి కత్తి లాక్కుని బండిలో వేసి, అందరికీ వినబడేలా అరిచాడు. "ఈ ఇనుము బుద్ధుడి గుడికి మేకులవుతుంది! ఇచ్చినవాళ్లకు ఈ జన్మలోనూ, వచ్చే జన్మలోనూ పుణ్యం!"

"ఈ జన్మది ఇప్పుడే చేతిలో పెట్టండి దొరా" అంది ఓతనే.

బండి వెంట వచ్చిన గుమాస్తా పేర్లు రాసుకోవడానికి కుంచె సిరాలో ముంచాడు. "పిల్లలు?"

"ఒక్కడు. మూడేళ్లు" అన్నాడు మగోరోకు.

"రైతు" అని రాసుకుని, గుమాస్తా ఓతనే కడుపు వంక చూశాడు. "అదీ రైతే."

చుట్టూ ఊరంతా అప్పటికే దారిలో మోకరిల్లి ఉంది. మగోరోకు ఒక్కడే నిలబడి ఉన్నాడు. జిన్‌పాచి అతని వైపు చూడకుండానే, "వంగు" అన్నాడు.

"చిత్తం దొరా" అని మగోరోకు నుదురు నేలకు ఆనించాడు.

లెమ్మని జిన్‌పాచి అనలేదు. బండి పోయాక ఓతనేనే అతన్ని లేవదీసింది.