రివర్సు గేరు పాట

రమణబాబు సాఫ్ట్‌వేరు కొలువులో చేరి కారు కొన్నాక, కార్ఖానా కాలనీలోని ఇంటి నుంచి ఇంటిల్లిపాదీ అనకాపల్లికి రెండుసార్లు బయలుదేరారు. ఏడాదిన్నర కొడుకు కన్నబాబు ఏడుపుకు తాళలేక రెండుసార్లూ ఉప్పల్ నుంచే తిరిగివచ్చారు. ఈ దసరాకైనా అత్తవారింటికి చేరి తీరాలని భార్య లోవలక్ష్మి పంతం పట్టింది.

ఉప్పల్ రాగానే వాడు మళ్లీ గుక్కపట్టాడు. రమణబాబు ఓటమి ఒప్పుకుని, కారు వెనక్కి తిప్పడానికి రివర్సు గేరు వేశాడు. వెనుక నుంచి గేరు పాట మోగగానే పిల్లవాడు ఏడుపు మాని కిలకిలా నవ్వాడు.

"అయితే అనకాపల్లి దాకా ఎనక్కే నడపమంటావేటి?"

"మీరు ముందుకే పోనివ్వండి. పాట సంగతి నేను చూసుకుంటాను," అంటూ ఆమె ఆ బాణీ అందుకుంది.

కారు సూర్యాపేట దాటింది, కృష్ణానది దాటింది, పాట మాత్రం ఆగలేదు. రాత్రి రాజమండ్రిలో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి అనకాపల్లిలో దిగారు.

అత్తగారు గవరమ్మ గుమ్మంలో నోరు తెరిచింది. "మీరు రారనుకుని వంటే మొదలెట్టనేదే!"

"మొదలెట్టండత్తా, వచ్చేశాం!" అంది లోవలక్ష్మి, బొంగురుపోయిన గొంతుతో, వీధంతా వినబడేలా.