పలకబండ కింది నీళ్లు

ఎండలు ముదిరితే మా మందకు నీళ్లు ఒక్క చోటే. బేస్తవారిపేటకు పడమర, కొండ దిగిన వాగు ఎండి ఇసుక మేట వేసిన చోట మా చెలమ. మా నాయన తీసింది. ఇసుక చేత్తో తోడితే నీళ్లు ఊరుతాయి. చిప్పతో ముంచి రాతి తొట్టిలో పోస్తే గొర్రెలు తాగుతాయి. తాగాక గుంత మీద పలకబండ కప్పి, పైన ఇసుక పోసి, కంపతో ఊడ్చి వస్తాం. లోతుగా తవ్వకూడదు. అడుగున జిగటమన్ను పొర ఉంది, నీళ్లు నిలిచేది దాని మీదే.

ఎవరి చెలమ ఎక్కడుందో మాలో ఒకరినొకరు అడగరు. పరాయివాళ్లకు చూపించాల్సి వస్తే, ముందు బండ మీద చేయి పెట్టించి ఎవరికీ చెప్పనని అనిపిస్తాం. కొత్త అల్లుడైనా సరే. ఇంట్లో పుట్టిన బిడ్డను మాత్రం అడగం. అడిగితే పరాయిదానివి అన్నట్టే.

అరుణకుమారి నా తమ్ముడి కూతురు. తమ్ముడు పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు యూనివర్సిటీలో లెక్చరరు. పోయినేడు చలి తగ్గే రోజుల్లో వచ్చింది. వస్తూనే నా భార్య వీరమ్మను పట్టుకుని గిర్రున తిప్పింది.

"పెద్దమ్మా, నాకొచ్చింది!"

"ఏమొచ్చిందే? జ్వరమా?"

"డబ్బులు! డిగ్రీ పిల్లలకు కొత్త రకం కోర్సు తయారు చేసే లెక్చరర్లకు యూనివర్సిటీ డబ్బులిస్తాంది. అందరూ కంప్యూటర్లని రాసినారు. నేను గొర్రెల మంద అని రాసినా. నాకే ఇచ్చినారు."

"చదువుకోకపోతే గొర్రెలు కాస్తావే అని తిట్టి తిట్టి నిన్ను బడికి తోలినా గదే! ఇప్పుడు గొర్రెలు కాసేదానికి డిగ్రీనా?"

"ఆ తిట్టు పోవాలనే పెద్దమ్మా."

ఆ మాట నాకు నచ్చింది.

"పెదనాయనా, ఎండల్లో పిల్లలు నీ మంద వెంట తిరుగుతారు. మేత, రోగాలు, నీళ్లు, అన్నీ నువ్వే చూపియ్యాల."

"నేనేం చెప్తా?"

"నువ్వు నోరు తెరవాల్సిన పనే లేదు."

"పండక్కొక మాట మాట్లాడేటోణ్ణి పంతులును చేస్తివి గదే" అంది వీరమ్మ.

ఎండలకు పిల్లలు వచ్చారు. వాళ్లలో హరిత అని మార్కాపురం బట్టల దుకాణం వాళ్ల పిల్ల. నోరు మూసేది కాదు. "తాతా, మేక నా టోపీ తింటాంది!" అని అరిచేది. "తిననీ, నీకన్నా దానికే బాగుంది" అనేవాడు తోటి పిల్లోడు సుమన్. నాలుగు రోజులకే గొర్రె కుంటితే డెక్క చూడడం నేర్చుకున్నారు. ఊళ్లో మావాడొకడు నన్ను "కాటమరాజు సారూ" అని పిలిచాడు. నవ్వొచ్చింది.

చెలమకు తీసుకుపోయిన రోజు ఇసుక తీసి, పలకబండ మీద ఒక్కొక్కరి చేత చేయి పెట్టించాను. ఎవరికీ చెప్పం తాతా అన్నారు. అరుణకుమారి నా పక్కనే నిలబడి ఉంది. ఆమెను అడగలేదు.

కోర్సు బాగా జరిగిందని మార్కాపురంలో ఒక కాలేజీలో సభ పెట్టారు. డబ్బు ఇచ్చిన పెద్దలు వచ్చారు. నాకు శాలువా కప్పారు. ఎదురుగా తెర మీద బొమ్మలు వేస్తున్నారు. మా కొండ వచ్చింది. మా వాగు వచ్చింది. దాని మీద ఎర్ర చుక్క. పక్కనే మా పలకబండ ఫోటో. అందరూ చప్పట్లు కొట్టారు.

హరిత ఉరుక్కుంటా వచ్చింది. "తాతా, నిన్న మేము ఫోన్లో మ్యాపు పెట్టుకుని మీరు లేకుండానే చెలమ కాడికి పోయినాం!"

"ఎవరు చెప్పినారు?"

నా ముఖం చూసి ఆ పిల్ల భయపడింది. "మేము ఇంట్లో కూడా చెప్పలేదు తాతా. బండ మీద చేయి పెట్టినాం గదా. మేడమే మ్యాపులో పెట్టినారు. అందరూ చూడొచ్చు."

అరుణకుమారిని వరండాలోకి పిలిచాను.

"ఏందమ్మా ఇది?"

"మ్యాపు లేకపోతే రెండో ఏడు కోర్సుకు డబ్బులియ్యం అన్నారు పెదనాయనా. పేరు నీదే పెట్టినా, చూసినావా? కాటమరాజు చెలమ."

"తీసెయ్."

"తీస్తా. ఈ పెద్దోళ్లు పోనీ. వారం ఓర్చుకో."

శాలువా ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాను.

ఆ వారంలోనే ముందు ఎవరివో రెండు మందలు మా చెలమకు వచ్చాయి. వెనకాలే రోడ్డు పని కాంట్రాక్టరు మనుషులు జేసీబీ తెచ్చారు. అడ్డం పడ్డాను. "ఫోన్లో ఉండాది గదా ముసలాయనా, ఇది నీ ఒక్కడి సొత్తా?" అన్నారు. ట్యాంకర్లకు నీళ్లు చాలాలని నిలువు లోతు తవ్వారు. జిగటమన్ను పొర తెగింది. మొదటి రోజు గుంత నిండా నీళ్లు. మర్నాటికి తడి కూడా లేదు. వాళ్లు జేసీబీ తోలుకుని పోయారు. పక్కన పడేసిన పలకబండ ఎత్తుకుని నేను ఇంటికి వచ్చాను.

ఆ ఎండలకు గొర్రెలు సగం పైన అమ్మేశాం. మిగిలినవాటి కోసం వాగు పైపైకి నడిచి, ఇంకో చోట ఊట పట్టాను. వీరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఏడు అరుణకుమారి మళ్లీ వచ్చింది. ఒక్కతే. అరుగు మీద కూర్చుంది.

"మ్యాపులోంచి తీసేయించినా పెదనాయనా."

ఊఁ అన్నాను.

"కొత్త పిల్లలొస్తారు. నీ వెంట తోలేదా వద్దా అని అడగను. నీకెట్లుంటే అట్ల." "మందకు నీళ్లు యాడ తాపుతుండావు ఇప్పుడు?"

ఇంటి బిడ్డ అడుగుతోందో, లెక్చరరు అడుగుతోందో నాకు అంతు పట్టలేదు. మంచం కింద నుంచి పలకబండ లాగి ఆమె ముందు పెట్టాను.

"చెయ్యి పెట్టు."

"నేనా?"

వీరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

అరుణకుమారి బండ వైపు చూసింది. చేయి పెట్టింది. "చెప్పను పెదనాయనా. ఎవురికీ చెప్పను" అంది. కళ్లనీళ్లు బండ మీద పడ్డాయి.

ఇక నేను చెప్పాలి. నోటి దాకా వచ్చింది. అంతే. కర్ర తీసుకుని, దొడ్డి తలుపు తీసి, మందను తోలుకుని బయలుదేరాను.

వీధి చివర ఆగి, ఎటు పోతున్నానో చూస్తుందేమోనని వెనక్కి తిరిగాను. అరుగు మీద నిలబడి చూస్తోంది.

మందను ఇంకో దారికి మళ్లించాను.