మార్చామని చెప్పిన ఫిల్టర్

హేమలతకు చిన్నప్పటి నుంచి ఎడమ కాలు బలహీనం. క్లచ్ తొక్కలేదు గనుకే, బాన్సువాడలో నర్సుగా చేరాక ఆటోమేటిక్ గేర్ల కారు, పాతదైనా సరే, వెతికి కొనుక్కుంది. తండాల్లోని బాలింతలను చూసి రావాలంటే ఆమెకు అదే ఆధారం.

నెల కిందట నగరంలోని ఒక పెద్ద సర్వీసు సెంటర్‌కు ఆ కారు ఇచ్చింది. గేర్‌బాక్స్ నూనె, ఫిల్టర్ మార్చామని కాగితం మీద రాసిచ్చారు. అయినా నిజాంసాగర్ కాలువ గట్టు ఎక్కబోతే ఇంజన్ అరుస్తుందే తప్ప బండి కదలదు. ఫోన్ చేస్తే మేనేజర్ భీంరావు తాపీగా చెప్పాడు.

"నూనె కొత్తదే మేడం. మీ కాలు సంగతి చూసినం గదా. గట్లాంటోళ్లు నడిపితే గేర్‌బాక్స్ ఖరాబే అయితది. మొత్తం మార్చాలె ఇగ."

ఆ మాట ఆమెను ఇరవై రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. తప్పు తన కాలిదేనేమోనని పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడిపి చూసుకునేది.

సంగతి విని, వరికోత మిషన్లు బాగుచేసే అన్న వినోద్‌కుమార్ మండిపడ్డాడు. "ఆటోమేటిక్‌ల ఎడమ కాలుకు పనే లేదు. ఏం మాట్లాడిండు వాడు? ఇప్పి చూద్దాం."

కారు పుస్తకంలో రాసిన రకం నూనె, ఫిల్టర్ తెప్పించి ఆదివారం వచ్చాడు. ఇంజన్ కాసేపు నడిపి ఆపి, కారును ఇనుప స్టాండ్ల మీద నిలిపారు.

"నేనే పోత కిందికి," అంది హేమలత. తాటిపత్రి పరుచుకుని దూరింది.

గేర్‌బాక్స్ అడుగు పళ్లెం తుప్పు బోల్టులు ఊడి రావడానికే అరగంట పట్టింది. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా, మాడు వాసనతో తొట్టిలోకి జారింది. ఆ పైన ఫిల్టర్. దాని మీద తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంది.

"అన్నా, గిది చదువు."

వినోద్‌కుమార్ చదివాడు. "కారు తయారైన ఏడాదే. దీన్ని ఇన్నేండ్లల్ల ఎవ్వడు ముట్టలేదు."

నూనె మార్చకపోవడం ఒక ఎత్తు. చేయని పనికి తన కాలిని అడ్డం పెట్టుకోవడం ఇంకో ఎత్తు.

అయినా పని ఆపలేదు. పళ్లెంలోని అయస్కాంతానికి పట్టిన ఇనుప పొడి తుడిచింది. కొత్త ఫిల్టర్, నూనె కారకుండా అంచున వేసే కొత్త గ్యాస్కెట్ పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించింది. కారిన నూనె ఎంతో కొలిచి, కొత్తది అంతే పోశారు. ఇంజన్ నడుస్తుండగా గేరు ఒక్కో స్థానంలోకి మార్చి, కొలత పుల్ల ముంచి నూనె మట్టం సరిచూశారు. సాయంత్రం కారు కాలువ గట్టు మెత్తగా ఎక్కింది. హేమలతకు సంతోషం కలగలేదు. కోపంతో కళ్లు నిండాయి.

సోమవారం సెలవు పెట్టి, నల్ల నూనె సీసా, పాత ఫిల్టర్ తీసుకెళ్లి భీంరావు బల్ల మీద పెట్టింది. ఆయన లేచాడు. "లోపలికి రాండ్రి మేడం, మాట్లాడుకుందాం."

"నలుగురి ముందల్నే మాట్లాడుదాం. నా కాలు మీద పెట్టిన్రు గదా నెపం. గిది నా కాలు చేసిందా?"

"పిలగాండ్లు మర్చిపోయిండ్రేమో."

"మర్చిపోలేదు. మార్చినమని రాసిన్రు. మార్చలేదని రాసియ్యుండ్రి. నన్నన్న మాట తప్పని కూడా రాయుండ్రి."

భీంరావు అటూ ఇటూ చూసి, తలవంచుకుని రాసి ముద్ర వేశాడు. వెనక వరుసలో కూర్చున్న ముసలాయన తన సర్వీసు కాగితం తీసి భీంరావు ముందుకు వచ్చాడు. "నా బండి గూడ ఇప్పి చూపెట్టు బిడ్డా."

హేమలత వెళ్లిపోలేదు. కుర్చీ లాక్కుని ముసలాయన పక్కనే కూర్చుంది.