మీసాల ఇన్‌స్పెక్టర్ అఫిడవిట్

ప్లీడరు గారు ఇరవై రెండేళ్లపాటు లాకప్పుల్లో మాయమైన మనుషుల కోసం కోర్టులో పోట్లాడారు. ఆయన పేరు వింటే పోలీసులకు ఒళ్లు మండేది. అలాంటి మనిషిని ప్రతిపక్షం పిలిచి కండువా కప్పి, శాసనసభకు గెలిపించింది.

"ఇకమీదట బయట అరవక్కర్లేదు, లోపలే అరుస్తాను" అన్నారు భార్యతో.

"లోపల మైకు వాళ్ల చేతిలో ఉంటుందండీ" అంది, బడిలో లెక్కలు చెప్పే ఆవిడ.

అన్నట్టే అయింది. లాకప్ చావుల గురించి ఆయన లేచిన ప్రతిసారీ స్పీకరు మైకు కట్టేసేవారు. అంతకు ముందే పార్టీ అధ్యక్షుడు చొక్కా పట్టుకు లాగేవాడు. "రేపు మనం గెలిస్తే ఆ పోలీసులు మనవాళ్లే కదయ్యా!" అని గొణిగేవాడు. పార్టీ ఆఫీసులో ఆయనకు మానవ హక్కుల విభాగం ఇచ్చారు. అంటే మెట్ల కింద గది. ఒక కుర్చీ, బోలెడన్ని జెండా కర్రలు.

ఇంతలో మీసాల ఇన్‌స్పెక్టర్ వచ్చి పడ్డాడు. ప్లీడరు గారు బోనులో నిలబెట్టి ఎన్ని ప్రశ్నలు వేసినా 'గుర్తులేదు' అని మీసం దువ్విన ఘనుడు. మంత్రి బావమరిది కారు ఆపిన పాపానికి ఇతన్ని సొంత స్టేషన్లోనే నాలుగు రోజులు లోపలేశారు. కేసు లేదు, కాగితం లేదు. వదలగానే నేరుగా వచ్చి ప్రతిపక్షం కండువా కప్పుకున్నాడు.

"ఇతని తరఫున పిటిషన్ వెయ్యి. నువ్వే వెయ్యాలి" అన్నాడు అధ్యక్షుడు.

ప్లీడరు గారికి బోనులోని ఆ 'గుర్తులేదు'లన్నీ గుర్తొచ్చాయి. కానీ హక్కులు మనకు నచ్చినవాళ్లకే ఉంటాయని ఆయన ఏనాడూ వాదించలేదు. పళ్లు కొరుక్కుంటూ కలం తీశారు.

ఇన్‌స్పెక్టర్ నిజంగానే ఏడ్చాడు. "మంచినీళ్లడిగితే నవ్వారు సార్! పదకొండేళ్లలో ఎంతోమందిని రిజిస్టర్లో రాయకుండా అదే గదిలో పెట్టాను. ఆ నేల అంత చల్లగా ఉంటుందని నాకేం తెలుసు?"

"ఈ పదకొండేళ్ల ముక్క అఫిడవిట్‌లో వద్దు. మీ మెడకే చుట్టుకుంటుంది."

"ఉండనీండి సార్, చదివినవాళ్ల గుండె కరగాలి!"

అధ్యక్షుడికి ఆ ముక్కే తెగ నచ్చింది. అఫిడవిట్‌ను కరపత్రంగా అచ్చేయించి ఊరంతా పంచిపెట్టాడు.

మూడో రోజు దర్జీ పని చేసుకునే ఒకావిడ మెట్ల కింద గదికి వచ్చింది. ఆరేళ్ల కిందట ఆమె భర్తను ఆ స్టేషనుకే పట్టుకెళ్లారు. శవం కాలవలో దొరికింది. రిజిస్టర్లో పేరు లేదు కాబట్టి అతన్ని అసలు స్టేషనుకే తేలేదని పోలీసులన్నారు. ప్లీడరు గారు వాదించి ఓడిపోయిన కేసు అది.

ఆమె కరపత్రం మడత విప్పింది. "రాయకుండా పెట్టానని ఈయనే అంటున్నాడు కద బాబుగారూ. ఇది పనికొస్తుందా?"

ఆయన ఆ ముక్క కింద కలంతో గీత గీశారు.

"పనికొస్తుందమ్మా. కానీ ఇప్పుడు నేను అతని వకీలును, నీ తరఫున నిలబడకూడదు. నా జూనియర్ నిలబడుతుంది."

ఆమెను జూనియర్ దగ్గరకు పంపి, ఇన్‌స్పెక్టర్ వకాలత్తు వదులుకున్నారు. మర్నాడు సభలో లేచి కరపత్రం మొదటి నుంచీ చదివారు. ప్రతిపక్షం మనిషి బండారం బయటపడుతోందని అధికార పక్షం బల్లలు చరిచింది. స్పీకరు మైకు సౌండు పెంచమన్నారు. చదవడం అయ్యాక ప్లీడరు గారు అడిగారు:

"ఆ పదకొండేళ్లూ ఈ ఇన్‌స్పెక్టర్‌కి మెడల్స్ ఇచ్చింది ఎవరండీ?"

మైకు ఆగిపోయింది.

సాయంత్రానికి పార్టీ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఇన్‌స్పెక్టర్ గారి మానవ హక్కులకు ప్లీడరు గారు భంగం కలిగించారని నోటీసు. భార్య దాన్ని రెండుసార్లు చదివి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ప్లీడరు గారికి మాత్రం నవ్వు రాలేదు. తప్పు చేశానా అని ఆ వారమంతా మథనపడ్డారు. తన దగ్గర ఏడ్చిన మనిషి కదా.

నెల తిరక్కుండా కోర్టు దర్జీ ఆవిడ కేసు తిరగదోడింది. మొదటి వాయిదాకు ప్లీడరు గారు నల్లకోటు లేకుండా మామూలు చొక్కాలో వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. గుమస్తా ఆమె భర్త పేరు పైకి చదివాడు. ఆరేళ్ల కిందట స్టేషను రిజిస్టర్లో రాయని ఆ పేరు ఇప్పుడు కోర్టు పుస్తకంలో ఉంది. ఆమె లేచి, చీర సర్దుకుని ముందుకు నడిచింది.