పదిహేడో నంబరు గట్టు

నవత ఆ ఫైలును విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో పెట్టి ఇరవై రోజులైంది. వరదకు గట్లు కొట్టుకుపోయాక ప్రాణహిత ఒడ్డు రైతులు పొలం హద్దులు మళ్లీ ఎలా వేసుకుంటారన్నది ఆమె పరిశోధన. అరవై మంది చెప్పింది పట్టికలోకి ఎక్కించి, పేర్లు కొట్టేసి నంబర్లు వేసి, ఎవరైనా వాడుకోవచ్చని తెరిచి పెట్టింది. గైడు మెచ్చుకున్నాడు కూడా.

ఆ పొద్దున గణపతి ఫోన్ చేశాడు. మేనత్త యాదక్క మరిది సాంబన్న కొడుకు, నవతకు వరుసకు బావ.

"నీ పదిహేడో నంబరు మా పెద్దమ్మనే గదా?"

"ఎవలన్నరు బావా? అండ్ల పేర్లే లేవు."

"పేరెందుకే? 'అత్త తన మరిది చేన్లకు మూరెడు గట్టు జరిపింది' అని రాసినవ్. సిరోంచ మొత్తంల నీకు ఎంతమంది మేనత్తలున్నరు? పొద్దుగూకంగ బాపుకు సదివి చెప్త."

నవత పట్టిక తెరిచి చూసింది. పేర్లన్నీ ఏరి తీసేసింది గానీ చుట్టరికపు వరుసలు ముట్టుకోలేదు. అత్తను అత్త అని రాస్తే తప్పని ఊళ్లో పెరిగినదానికి ఎలా తడుతుంది? ఫైలు తీసేయమని వెంటనే మెయిల్ పెట్టింది. అప్పటికే నలభై ఒక్కమంది దింపుకున్నారు.

మధ్యాహ్నానికల్లా అత్త ముందు కూర్చుని జరిగింది చెప్పింది. యాదక్క చాటలో బియ్యం ఏరుతోంది.

"ఎవ్వలకు తెల్వదంటివి గదనే పోరీ!"

"తప్పయింది అత్తా."

"సరే, ఏం రాసినవో సదువు."

నవత చదివింది. ఒక్క వాక్యం.

"ఇగ?"

"అంతే."

చాట మీద చేయి ఆగింది. "అంతేనా? మూడు వరదలకు మూడు మూర్లు ముందుగాల వాడే జరిపిండు, నేను ఒక్క మూర ఎన్కకు తీసుకున్నంటి గదా! చాయ్ సల్లారెదాక చెప్తి. అదంత ఏది?"

పట్టికలో దానికి గడి లేదు. జరిపారా, ఎంత జరిపారు, అంతవరకే. అత్త గొంతు ఉన్న రికార్డింగును, మాట నిలబెట్టుకుంటున్నానన్న తృప్తితో నవతే చెరిపేసింది.

"లేదత్తా. నేనే తీసేసిన."

"మంచిగ సదివినవ్! నా పేరు దాసి, నన్ను దొంగను చేసి పెట్టినవ్."

యాదక్క కొంగు దులిపి లేచింది.

"నడువ్. పోరడు సదవకముందే సాంబన్న ముంగట నువ్వే సదువు. మిగిలింది నేను చెప్త, రాసుకో. ఈసారి నా పేరు గూడ రాయి."

"మరి సాంబన్న మామ పేరు?"

గడప దాటుతున్న యాదక్క ఒక్క క్షణం నిలబడింది.

"అది వాన్నే అడుగు."