చెయ్యెత్తితే ఆగాలి

చిన్న డాక్టరమ్మ పన్ను పీకితే పక్క పన్నుకి తెలిసేది కాదు. పీకిన పన్నుకి కూడా గిన్నెలో పడ్డాకే అనుమానం వచ్చేది. కాలేజీలో వచ్చిన మెడల్సన్నీ ఒకే గోడకి కొడితే గోడ కూలిపోతుందని, మేనత్త వాటిని రెండు గోడలకి పంచింది. అంత పనితనం ఉన్నా పేషెంట్లు ఆమె మొహం చూడగానే "ఇప్పుడు కాస్త తగ్గినట్టుందమ్మా" అని చెప్పులు వెతుక్కునేవాళ్లు. మందు లేకుండా నొప్పి తగ్గించే డాక్టరు ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

క్లినిక్ మేనత్తది. ఆవిడకి మణికట్టు అరిగిపోయింది. పన్ను పీకే పట్టకారు పట్టుకుంటే పట్టకారే ఆవిడని పట్టుకున్నట్టుండేది.

"నెలాఖరుకి నేను మానేస్తున్నానే," అంది ఒకరోజు. "నువ్వే కావాలని నోరు తెరిచి అడిగే మనిషిని ఒక్కణ్ణి చూపించు, తాళాలు నీ చేతిలో పెడతా. లేకపోతే ఈ గది పక్కింటి కళ్లజోళ్లాయనకి."

"నోట్లో నా చేతులుంటే ఎలా అడుగుతారత్తా?"

"చేతులు తీశాక కూడా అడగట్లేదు. అదే నేను చెప్పేది."

కళ్లజోళ్ల షాపాయన అప్పటికే రోజూ టేపు పట్టుకొచ్చి గది కొలుస్తున్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ గది ఏమైనా పెరిగిందేమోనని ఆయన ఆశ.

ఆ వారంలోనే ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన మీసాల వెడల్పుకి గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సొచ్చింది. కింద ఎడంవైపు పన్ను పుచ్చి వేరుదాకా పోయింది. చిన్న డాక్టరమ్మ మత్తిచ్చి, అందరికీ చెప్పేదే ఆయనకీ చెప్పింది.

"ఇబ్బందిగా ఉంటే చెయ్యెత్తండి సార్, ఆపేస్తా."

ఈ మాట నమ్మి అందరూ ఎత్తేవాళ్లు. ఆమె ఎవరికీ ఆపేది కాదు. "అయిపోయింది, ఇంకొక్క సెకను" అనేది. ఆ సెకను పొడుగు గురించి వీధిలో కథలున్నాయి. నున్నగా గీసుకుని కుర్చీ ఎక్కిన ఒకాయన ఆ సెకను అయ్యేసరికి గడ్డంతో దిగాడట.

కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి లేస్తే లారీలు ఆగుతాయి, బస్సులు ఆగుతాయి, పైన మబ్బు కూడా ఒకసారి కిందకి చూసి మరీ కదులుతుంది. డ్రిల్లు ఆగలేదు. రెండో చెయ్యి కూడా ఎత్తాడు.

"ఇంకొక్క సెకను సార్."

ఆయన లేచి, మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలోకి నడిచి వెళ్లిపోయాడు. సగం తొలిచిన పన్ను అలాగే తెరుచుకుని ఉంది. అలా వదిలేస్తే చీము పడుతుంది. ఫోన్ చేస్తే ఎత్తడు. అత్త టేపు రెండో కొస పట్టుకోవడానికి కళ్లజోళ్లాయనకి సాయం వెళ్లింది. ఆ రాత్రి చిన్న డాక్టరమ్మకి అన్నం సయించలేదు.

పొద్దున్నే స్కూటరేసుకుని కూడలికి బయల్దేరింది. దూరం నుంచే మీసాలు కనిపించాయి. ఒక బుగ్గ పూరీలా పొంగి ఉంది. ఆయన ఆమె వైపు చెయ్యెత్తి బళ్లన్నీ ఆపాడు. ముందు కాస్త సందు కనిపించింది. దూరిపోతే ఆయన్ని పట్టుకోవచ్చని ఆమె స్కూటర్ ముందుకి పోనిచ్చింది.

ఈల మోగింది. ఆయన దిమ్మ దిగి వచ్చాడు.

"చెయ్యెత్తాను కదా. కనబడలేదా?"

"కనబడింది సార్. ఇంకొక్క సెకనులో దాటేసేదాన్ని..."

మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఏ మాటో ఆమెకి తట్టలేదు. ఆయనకి ముందే తట్టింది.

"అదే సెకనా అమ్మా? నిన్నటిదేనా?"

ఆమె తల దించుకుంది. వెనక హారన్లు పెళ్లిబాజాల్లా మోగుతున్నాయి. ఎవరినీ ఎప్పుడూ అడగని మాట అప్పుడడిగింది.

"నిన్న ఎందుకెత్తారు సార్? నొప్పి పుట్టిందా?"

"నొప్పెక్కడిది? మీ చెయ్యి దూదమ్మా. గొంతులోకి నీళ్లు దిగుతుంటే, మింగుదామని ఎత్తాను. ఎత్తినా మీరు ఆగలేదు. ఆ కుర్చీలో పన్ను ఒక్కటే ఉందా, నేను లేనా అనిపించింది."

ఆమె స్కూటర్‌కి స్టాండేసింది.

"సాయంత్రం రండి సార్. పన్ను తెరిచే ఉంది. ఎన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు ఆపుతా. ఆపకపోతే నా స్కూటర్ మీ స్టేషనుకి లాక్కుపోండి."

సాయంత్రం ఆయన వచ్చాడు. చేతికి డ్యూటీలో వేసుకునే తెల్ల గ్లౌజు తొడుక్కుని మరీ వచ్చాడు.

మత్తెక్కింది. ఆమె డ్రిల్లు ఇంకా నోటి దగ్గరికి తేకముందే గ్లౌజు లేచింది. ఆపింది. చెయ్యి దిగింది. డ్రిల్లు పన్నుకి తగలగానే మళ్లీ లేచింది. ఆపి, నీళ్లు లాగే గొట్టం పెట్టి, "మింగండి సార్" అంది. మూడోసారి ఏ కారణం లేకుండా, ఉత్తపుణ్యానికి ఎత్తాడు. ఆమెకి తెలుసు. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకీ తెలుసు. డ్రిల్లు పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇంకొక్క సెకను" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. గోడ గడియారం కూడా ఎందుకైనా మంచిదని నెమ్మదిగా నడిచింది.

అప్పుడు గ్లౌజు గాల్లోనే తిరిగి, వేళ్లు లోపలికి ఊపుతూ, పోనివ్వమని సైగ చేసింది.

ఆ తర్వాత చెయ్యి లేవలేదు. పని సాఫీగా సాగిపోయింది. సిమెంటు పెట్టేసరికి కానిస్టేబుల్ సన్నగా గురక పెడుతున్నాడు.

బయటికొచ్చి, మత్తెక్కిన మూతితోనే అత్తతో అన్నాడు. "కుడిపక్క ఇంకోటుంది. చిన్న డాక్టరమ్మే చెయ్యాలి."

"సరిగ్గా వినబడలేదు సార్," అంది అత్త.

ఆయన మళ్లీ చెప్పాడు. అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మూడోసారి కూడా చెప్పించుకుంది. ఆవిడ చెవులకి మాత్రం వీధి చివర చీమ తుమ్మినా వినబడుతుంది.

తాళాలు బల్ల మీద పెట్టి, గోడవారన వంగిన మనిషి వైపు తిరిగింది. "ఏవండీ, ఆ టేపు ఇక చుట్టెయ్యండి."

"ఇంకొక్క సెకనండీ, ఈ మూల ఒక్కటీ..." అంటూ కళ్లజోళ్లాయన తలెత్తాడు.

ఎదురుగా చిన్న డాక్టరమ్మ, చెయ్యెత్తి నిలబడి ఉంది.